ఎర్రమూతి వడ్లకు రెండో ఇల్లు

కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన తొలకరికి నేను రాజోలు దిగువన, సముద్రం పక్క మండలంలో వ్యవసాయాధికారిగా ఉన్నాను. మా శాఖలో గట్టు మీద నిలబడే హోదా అది. నా పైన ఉండే సహాయ సంచాలకులకు చేలకంటే కాగితాలే ఎక్కువ కనిపిస్తాయి. ఆ జూన్‌లో ఆయన నాకొక పని అప్పగించారు. పాతకాలపు దేశవాళీ వడ్లు ఇంకా ఎవరైనా పండిస్తుంటే నమూనా సేకరించి, పరిశోధన కేంద్రంవారి శీతల గిడ్డంగికి పంపాలి. పదవీ విరమణ దగ్గరపడిన మనిషికి ఇలాంటి పనులే తగిలిస్తారు.

నేను వెళ్ళిన ఊళ్ళో ఆ వడ్లను ఎర్రమూతి అంటారు. గింజ కొస ఎర్రగా ఉంటుంది. దిగుబడి అంతంతమాత్రం, గాలి వేస్తే పడిపోతుంది. కానీ ఉప్పునీరు తగిలిన నేలలో మేమిచ్చే ధ్రువీకరించిన విత్తనం ఆకుమడిలో నారుగా ఉండగానే మాడిపోతే, ఇది నిలబడి కంకి వేస్తుంది.

ఆ ఊళ్ళో ఎవరి విత్తనం వారు చల్లుకోరు. ఆకుమడి కట్టే ముందు ఒక ఇంటివారు చేటెడు వడ్లు స్వయంగా తెచ్చి రెండో ఇంటివారి చేటలో పోస్తారు, వారి దగ్గరి వడ్లు తీసుకెళతారు. బస్తాలు ఆ తర్వాత కదులుతాయి. పంట పాడైనవాళ్ళు కూడా ఉన్నదేదో బదులిస్తారు తప్ప ఒట్టి చేట వెనక్కి పంపరు. ఏటా ఒకే చేలో పండిన విత్తనానికి బలం తగ్గుతుందని వాళ్ళ నమ్మకం. శాస్త్రం దాన్ని సగమే ఒప్పుకుంటుంది. అయితే తన గింజ పక్కవాడి చేలోకి పోతుందంటే ఎవరైనా కేళీలను, అంటే మధ్యలో మొలిచిన వేరే రకం మొక్కలను, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఏరేస్తారు. మా శాఖ ఇంత చవకగా ఏ పథకాన్నీ నడపలేదు.

చేలన్నీ రొయ్యల చెరువులైపోగా, నేను వెళ్ళేసరికి ఎర్రమూతి రెండే ఇళ్ళలో మిగిలింది. ఒకటి సూర్రావుగారిది. ఆయనకు చెరువులున్నాయి, చద్దన్నానికి బాగుంటాయని ఒక్క ఎకరంలో మాత్రం ఈ వడ్లు వేసేవారు. రెండోది సత్యవతిది. ఆమెకున్నదే ఒక ఎకరం.

ఆమె భర్త నాగేశ్వరరావు సూర్రావుగారి చెరువు మీద పని చేసేవాడు. నేను వెళ్ళడానికి ముందటి కోతల సమయంలో, చెరువునీటికి గాలి పట్టించే ఏరేటరు తిప్పబోయి కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. పెద్దమనుషులు కూర్చుని ఏదో పరిహారం తేల్చారు. అతని చావు పనుల్లో ఇల్లంతా మునిగి ఉండగా, కోసి చేలో పరిచిన పనలు తుపాను వానకు నానిపోయాయి. నేను రెండిళ్ళ గింజలూ తడిగుడ్డలో చుట్టి మొలక పరీక్ష చేశాను. సూర్రావుగారివి దాదాపు అన్నీ మొలిచాయి. సత్యవతివి పట్టుమని పది మొలవలేదు. ఫలితం ఇద్దరికీ చెప్పాను. సూర్రావుగారి విత్తనం రాకపోతే ఆమె ఎకరం బీడు పడుతుంది. ఆ చుట్టుపక్కల బీడు పడ్డ నేల చెరువుకు లీజుకు పోవడమే.

సూర్రావుగారు బస్తా కట్టి సిద్ధంగా ఉంచారు. "మేడంగారండీ, తమరి జీపులో వేసుకెళ్ళి ఇచ్చెయ్యండి. నేను ఆ గుమ్మం ఎక్కలేనండి," అన్నారు. సరేనని తీసుకెళ్ళాను. సత్యవతి బస్తా దింపనివ్వలేదు.

"ఆయన్నే రమ్మనండి. వచ్చి ఆ కరెంటు తీగ సంగతి ఆయన నోటితో చెప్పాలండి. అప్పుడు పుచ్చుకుంటాను."

అదును దాటిపోతోందని కేకలేశాను. ఆమె కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది, కానీ ఆమెను తప్పుపట్టలేకపోయాను.

ఆమె మాట ఆయనకు చేరవేశాను. రెండు రోజుల తర్వాత సూర్రావుగారు చేట పట్టుకుని సత్యవతి ఇంటికి బయలుదేరారు. నన్ను కూడా రమ్మన్నారు, తోడు కావాలనుకుంటాను. అంతకుముందు ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచే సత్యవతి ఆ రోజు ఏ వరసా పెట్టలేదు. ఆయన తల వంచుకునే చెప్పారు:

"తీగ తొడుగు ఊడిందని నాగేశ్వరరావు చెప్పేడమ్మా. రొయ్య పట్టుబడి అయ్యేక చూద్దాంలే అన్నాను."

ఆమె తన చేట ముందుకు జరిపింది. ఆయన పోశారు. ఆమె లోపలికి వెళ్ళి తన వడ్లు, ఆ చచ్చిన గింజలే, తెచ్చి ఆయన చేటలో పోసింది. ఆయన పుచ్చుకున్నారు.

సగం విత్తనం ఉంచుకోమని తిరిగి వచ్చే దారిలో చెప్పాను. ఆయన వినలేదు. తన బస్తా మొత్తం ఆమెకు పంపి, ఆమె గింజలను నానబెట్టి, మొలకెత్తడానికి మండె కట్టి, ఆకుమడిలో చల్లారు. ఒక్క మొక్కా నిలవలేదు. "అవి మొలవవని చెప్పాను కదండీ," అని కోప్పడ్డాను. "ఆయ్, తెలుసండి," అన్నారు. ఆ సార్వా పంటకాలమంతా ఆయన ఎకరం ఖాళీగానే ఉంది.

సత్యవతి పంట బాగానే వచ్చింది. మరుసటి తొలకరికి విత్తనం ఆమె దగ్గర మాత్రమే ఉంది. సూర్రావుగారికి ఇమ్మని అడిగాను. "ఇవ్వననలేదండి. మళ్ళీ వచ్చి అడగాలి కదండి," అంది. ఆయన దగ్గరకు వెళితే, "ఒకసారి వెళ్ళొచ్చేనండి. రెండోసారి నావల్ల కాదండి," అన్నారు. నెల తిరక్కుండా ఆ ఎకరంలో కూడా చెరువు తవ్వించారు. ఆ చెరువుగట్టు సత్యవతి చేనికి ఆనుకునే ఉంది.

విరమణ తర్వాత ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. గట్టు పక్క నేల ఉప్పు పేరి తెల్లబడింది. మిగిలిన దాంట్లో ఎర్రమూతి ఉంది, కేళీలు కూడా బాగా ఉన్నాయి. ఎవరి విత్తనం చల్లావని అడిగాను. "నాదేనండి. ఇంకెవరిది చల్లనండీ?" అంది.

ఒక్క ఇంట్లో మిగిలిన విత్తనాన్ని మిగిలినట్టు లెక్కించకూడదని నేను అక్కడ నేర్చుకున్నాను. నేను పంపిన నమూనా శీతల గిడ్డంగిలో భద్రంగానే ఉంది. దాన్ని అడిగి తెచ్చుకునే రెండో ఇల్లు ఆ ఊళ్ళో లేదు.