తడిసిన రెండు బస్తాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర బియ్యం కొట్టున్న కాశీవిశ్వనాథం పిరికివాడు. అందులో రెండో మాట లేదు. పోలీసు టోపీ కనిపిస్తే తుమ్ము కూడా ఆపుకుంటాడు, చెవిపోగు తిప్పుకుంటూ నిలబడతాడు. అయినా ధర్మానికి గింజ ఇచ్చేముందు అది ఎవరి నోట్లోకి పోతుందో చూసుకోనిదే ఇవ్వడు. ఈ కరువులో గంజి కేంద్రం పెట్టిన కమిటీ పెద్ద రెండు బస్తాలు పంపమన్నాడు. పంపకపోతే సరుకు దాచావని కంట్రోలు ఆఫీసరుకు చెబుతానన్నాడు. ఆ మధ్యాహ్నమే విశ్వనాథం పోగులు తీసేసి, మాసిన గుడ్డ తలకు చుట్టుకుని, గంజి వరసలో కూర్చున్నాడు. చేతిలో దొప్ప పట్టుకున్నాడు. అందులో పోసిన గంజిలో వెతికినా మెతుకు దొరకలేదు.

"బియ్యాలేటయిపోతన్నాయప్పా?" అని పక్కనున్న ముసలి జగ్గమ్మను గుసగుసగా అడిగాడు.

"బండెక్కి సంతకెలిపోతన్నాయి. నోర్మూసుకుని తాగరా నాయనా! పెద్దబాబు ఇన్నాడంటే ఈ నీళ్లూ పొయ్యడు."

విశ్వనాథం గుటుక్కున మింగి ఇంటికొచ్చి, చలిజ్వరం వచ్చినవాడిలా ముసుగు తన్ని పడుకున్నాడు. తెల్లారాక రెండు బస్తాలూ బండి మీద తనే తెచ్చాడు. బస్తాల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఇదేటయ్యా, తడిసిపోనాయి!" అని అరిచాడు కమిటీ పెద్ద.

"నూతి కాడ జారిపడిపోనాయి బాబూ," అన్నాడు విశ్వనాథం, లేని పోగు కోసం చెవి తడుముకుంటూ. "ఈయేల వండీకపోతే పులిసిపోతాయి. సంతలో ఎవుడూ కొనడు."

అతను కమిటీ పెద్ద వైపు తలెత్తి చూడలేదు. అయినా రెండో బస్తా ఎసట్లో పడేదాకా గాడిపొయ్యి దగ్గరి నుంచి కదల్లేదు.