నాన్న పాస్‌వర్డ్, అమ్మ లెక్క

ఇవాళ లాప్‌టాప్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగితే, నరసాపురంలో మా ఇంటి కంప్యూటర్, దానిమీద అమ్మ అల్లిన లేసు గుడ్డ గుర్తొచ్చాయి. మీ ఇళ్లలోనూ కప్పేవారు కదా?

అడ్మిన్ ఖాతా నాన్నదే. ఆయన పాస్‌వర్డ్ కొడుతుంటే మేమంతా గోడవైపు తిరగాలి. ఒకరోజు ఆయన రాజమండ్రి వెళ్లారు. కొత్త ప్రింటర్ పెట్టాలంటే ఆ పాస్‌వర్డ్ కావాలి. అక్క ప్రాజెక్టు మర్నాడే ఇవ్వాలి.

లేసు కుట్లు చూడకుండా లెక్కపెట్టే అమ్మ, తలెత్తకుండానే అక్కతో అంది: "మీ నాన్న ఎనిమిదిసార్లు నొక్కుతారు, చప్పుడు వింటాగా. నాయనమ్మ పేరు కొట్టి చూడవే."

ఇంగ్లీషులో వెంకమ్మ అని కొట్టగానే తెరుచుకుంది.

నాన్న తిరిగొచ్చి పాస్‌వర్డ్ మార్చారు. మేం గోడకేసి నిలబడ్డాం. కిటికీలోంచి కాలవ గాలి వస్తోంది. అమ్మ చేతిలో సూది ఆగింది.

"ఈసారి ఆరేనండి," అంది.

ఇంగ్లీషులో సుజాత, అమ్మ పేరు, h లేకుండా రాస్తే ఆరు అక్షరాలే.