జానెడు దూరంలో చెయ్యి

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు చెప్పింది ఆయన మేనల్లుడు. ముప్ఫై ఏళ్ళుగా ఎదురుపడితే తలాడించడం తప్ప మాట్లాడుకోని మనిషి, పొద్దున్న ఏడింటికి ఫోన్ చేశాడంటే ఇందులో ఏదో ఉందనుకున్నాను.

"మావయ్య ఇంక లేరురా" అన్నాడు.

"ఎవరు చెప్పేరు?" అన్నాను.

ఆ ఇంట్లో, ఆ మంచం పక్కనే నిలబడి మాట్లాడుతున్నవాణ్ణి పట్టుకుని ఎవరు చెప్పారని అడిగాను. "నువ్వే వచ్చి చూసుకో" అని పెట్టేశాడు.

నా గుణమే అంత. చేపల బజారులో మొప్పలు తెరిచి చూడందే కొనను. బస్సు బోర్డు చదివాక కూడా కండక్టర్ని అడిగి ఎక్కుతాను. మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తే పంచదార వేశావా అని అడిగి, వేశానన్నాక కూడా చెంచాతో కలిపి చూసుకుంటాను. ఇది నాకు పుట్టుకతో వచ్చింది కాదు. సగం మాస్టారు నేర్పారు. మిగతా సగం ఆయన మీదే పుట్టింది. ఆ రెండూ ఒకటి కావు. అది చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆయనది ఉప్పలగుప్తం దగ్గర పల్లెటూరు. పద్దెనిమిదేళ్ళకి సైన్యంలో చేరితే, ఈయన గోడ దూకిన తీరు చూసి ఎవరో పై అధికారి జిమ్నాస్టిక్స్ జట్టులో వేశాడట. నేల మీద పల్టీలు, పిడులున్న చెక్క గుర్రం, రింగులు, పరిగెత్తుకొచ్చి దూకే వాల్టు, జంట కడ్డీలు, ఎత్తు కడ్డీ, ఇలా మగవాళ్ళకి ఉండే ఆరింటిలోనూ ఏళ్ళ తరబడి పోటీ చేశారట. ఆఖరికి ఎత్తు కడ్డీ మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుని, ఆట మానేసి, అమలాపురం పక్కన మా హైస్కూలుకి డ్రిల్లు మాస్టారుగా వచ్చారు. ఇదంతా ఆయన చెప్పిందే. మాకు సాక్ష్యం లేదు. ఊళ్ళో కొందరు "సైన్యం గియ్యం ఏం లేదండీ, సర్కసులో చేసేవోడంట" అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆయన కోప్పడేవారు కాదు. "సర్కసువాళ్ళు నాకంటే బాగా చేస్తారండి, ఆయ్" అని నవ్వేవారు. కాదనకపోవడంతో జనానికి అనుమానం ఇంకాస్త పెరిగేది.

నాకూ పెరిగింది. "మరి పతకాలేవండి మేష్టారూ?" అని ఒకసారి అడిగేశాను. వంకరగా అతుక్కున్న మణికట్టు నా మొహం ముందు పెట్టి "ఇదేరా. తుప్పు పట్టదు" అన్నారు.

బళ్ళో ఆటసామాను ఏమీ లేదు. ఉన్నదల్లా ఆయన ఇంటి వెనక కొబ్బరితోట. అందులో రెండు ఇనప గుంజలు పాతి, పైన పైపు బిగిస్తే ఎత్తు కడ్డీ అయింది. గాలివానకి పడిన కొబ్బరిచెట్టు మొద్దుకి పీచు చుట్టి, గోనె కుట్టి, పైన రెండు పిడులు బిగిస్తే గుర్రం అయింది. దిగేచోట నడుంలోతు గొయ్యి తవ్వి నిండా కొబ్బరి పీచు పోశారు. చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడి మాకెక్కడ దొరుకుతుంది? అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ముగ్గుపిండి డబ్బా తెచ్చి గుంజ దగ్గర పెట్టేవారు. "మీ శిష్యుల మూలంగా నా గుమ్మం బోసిగా ఉంటోందండీ" అని ఆయన్ని దెప్పుతూనే మర్నాడు మళ్ళీ డబ్బా నింపేవారు.

మొదటి మూడు నెలలూ మమ్మల్ని కడ్డీ ముట్టుకోనివ్వలేదు. పడటం నేర్పారు. ముందుకి, వెనక్కి, పక్కకి, రోజూ పడటమే. ఇదేం విద్యరా బాబూ అని విసుక్కున్నాం. పోయినేడు కాలవగట్టు మీద నా బండి జారి నేను గాల్లోకి లేచినప్పుడు, గడ్డం గుండెకి ఆనించి గుండ్రంగా దొర్లింది నేను కాదు, ఆ మూడు నెలలు. మోచెయ్యి గీసుకుపోయి ఊరుకుంది. "ఈ వయసులో ఇలా పడి లేచినవాణ్ణి చూళ్ళేదండి" అన్నాడు డాక్టరు. ఆయనకి మాస్టారి పేరు చెప్పాను. ఇంటికొచ్చాక, మాస్టారికి చెప్పాలనిపించి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చివర్లో మీకే తెలుస్తుంది.

ఇక ఆయన అనుమానం సంగతి. అది చాలా పెద్దది. సాయంత్రం మేం తోటలోకి వెళ్ళేసరికి ఆయన గుంజని మూడుసార్లు ఊపి, గుంజకి చెవి ఆనించి, నట్లు స్పానరుతో బిగించి, గోతిలో పీచుని కర్రతో కెలికి పామూ పుట్రా లేవని తేల్చుకుని, అప్పుడు రమ్మనేవారు. నిన్న బిగించిన నట్టుని ఈవేళ మళ్ళీ ఎందుకండి అంటే "ఇనుముకి మనమీద ప్రేమేం ఉండదురా" అనేవారు. మా మాటా నమ్మేవారు కాదు. "ఒళ్ళు బాగానే ఉందండి" అన్నవాణ్ణి ఆ పూట ఎక్కనిచ్చేవారు కాదు. "ఇక్కడ కొంచెం లాగుతోందండి" అన్నవాణ్ణి ఎక్కించేవారు. "వాడికి వాడి ఒళ్ళు తెలుసు. నీకు తెలీదు" అనేవారు. అబద్ధం చెప్పేటప్పుడు నా ఎడమ భుజం కాస్త పైకి లేస్తుందని కనిపెట్టిందీ ఆయనే. మా అమ్మకి కూడా తెలియని సంగతి అది.

ఇన్ని అనుమానాల మధ్య పెరిగినా, ఒక్కదాన్ని మాత్రం మేం చూడకుండానే నమ్మేవాళ్ళం. అది ఆయన చెయ్యి. కడ్డీ మీద ఎవరున్నా కింద ఆయన నిలబడేవారు. ఊగుతూ కిందికి వచ్చినప్పుడల్లా ఆయన అరచెయ్యి మా వీపు వెంటే కదిలేది, జానెడు దూరంలో. తగలదు, దూరం పోదు. "తగిలిందంటే నువ్వు చేసినట్టు కాదురా, నేను చేసినట్టు" అనేవారు.

జిల్లా జట్టుకి సెలక్షన్లు జరిగిన రోజు ఆ చెయ్యి తగిలింది.

ఆఖరి చోటు కోసం మిగిలింది మేమిద్దరం. నేనూ, మాస్టారి మేనల్లుడూ. అతనికి తండ్రి లేడు. మాస్టారింట్లోనే పెరిగాడు. అతని వంతు అయిపోయింది, నాకు ఎత్తు కడ్డీ ఒక్కటే మిగిలింది. ఊగి నిటారుగా కడ్డీ పైకి వెళ్ళి, రెండు చేతులూ ఒక్కసారి వదిలి, పట్టు మార్చి మళ్ళీ పట్టుకోవాలి. వదిలాను. పట్టుకున్నాను. కిందికి వచ్చాను. సరిగ్గా అడుక్కి వచ్చేసరికి వీపు మీద అరచెయ్యి పడింది. ఒక్క క్షణం. ఆ ఊపులోనే మళ్ళీ పైకి వెళ్ళి, మిగతాదంతా చేసి, అడుగు కదలకుండా దిగాను. చప్పట్లు కొట్టారు. కానీ కోచ్ చెయ్యి తగిలితే మార్కులు కోసేస్తారు, అది ఆటలో నియమం. కోసేశారు. జట్టులోకి మేనల్లుడు వెళ్ళాడు.

"ఎందుకు ముట్టుకున్నారండి?" అని అక్కడే అడిగాను.

"పడిపోతావనిపించిందిరా."

"నేను పట్టుకునే ఉన్నానండి."

ఆయన నా మొహం చూడలేదు. నా భుజం వైపు చూశారు.

ఆ రోజు నుంచి నేను పోలీసునయ్యాను. ఆయన ఏం చేసినా అందులో సాక్ష్యం వెతికాను. మొదటి సాక్ష్యం వారంలోనే దొరికింది. తోటలో ఆయన కడ్డీ కింద నిలబడటం మానేశారు. "నువ్వు నిలబడరా" అని పెద్దపిల్లల్లో ఒకణ్ణి పంపి, తను దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. తప్పు చేసినవాడు చేతులు దాచుకోక ఏం చేస్తాడనుకున్నాను. తరవాత నాకు వ్యాయామ శిక్షణలో సీటు కోసం ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగారు. పాపం కడుక్కుంటున్నారనుకున్నాను. నా పెళ్ళిలో బంతిలో నిలబడి స్వయంగా వడ్డించారు. ఇంత మర్యాద ఊరికే చేస్తారా అనుకున్నాను. ఆయన ఎంత మంచిగా ఉంటే నా అనుమానం అంత గట్టిపడింది.

మేనల్లుడు రాష్ట్రానికి ఆడాడు, పైకి వెళ్ళాడు. ఆట మీదే రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఆరు సామాన్ల మీదా పదేళ్ళ పైన పోటీ చేసి, మోకాలు అరిగిపోయాక మానేశాడు. నేను పి.గన్నవరం దగ్గర బళ్ళో డ్రిల్లు మాస్టార్నయ్యాను. నష్టపోయానని చెప్పను. కానీ పేపర్లో అతని బొమ్మ పడినప్పుడల్లా ఆ పేజీ మడిచి పక్కన పెట్టాను.

అయినా మాస్టారి ఇంటికి వెళ్ళడం మానలేదు. కిందటిసారి, ఆయన పోవడానికి రెండు నెలల ముందు వెళ్ళాను. అరుగు మీద కుర్చీలో కూర్చున్నారు. చేతులు వణుకుతున్నాయి. అమ్మగారు గ్లాసు పట్టుకుంటే కాఫీ తాగుతున్నారు. ఆవిడ లోపలికి వెళ్ళాక నా వైపు వంగి, "ఇంకా అనుమానమేనట్రా?" అన్నారు.

"లేదండి మేష్టారూ. ఎప్పుడో మర్చిపోయేను."

నా ఎడమ భుజం వైపు చూసి నవ్వారు. "కాఫీ తాగి వెళ్ళు" అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక మేనల్లుడు నన్ను వెనక తోటలోకి రమ్మన్నాడు. గొయ్యి పూడిపోయి గడ్డి మొలిచింది. కడ్డీ మాత్రం అలాగే ఉంది. అతను ఒక గుంజని పట్టుకుని మూడుసార్లు ఊపాడు. చూస్తే నేను రెండో గుంజని ఊపుతున్నాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వబోయి ఆగిపోయాం.

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పాలి" అన్నాడు. "ఆ రోజు నీ పట్టు జారిందా?"

నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడెందుకురా అది? జట్టులోకి నువ్వెళ్ళేవు, ఉద్యోగం నీకొచ్చింది. ఇంకేం కావాలి?"

"అందుకే అడుగుతున్నాను. పతకం మెళ్ళో వేసిన ప్రతిసారీ నాకొకటే అనుమానం. ఇది నేను తెచ్చుకున్నదా, మావయ్య చెయ్యి ఇచ్చిందా అని. ఒక్కదాన్నీ సంతోషంగా ఇంటికి తెచ్చుకోలేదురా నేను. ఆఖరికి ఆయన్నే అడిగేశాను."

"ఏమన్నారు?"

"'నాకు తెలీదురా' అన్నారు. 'చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. వాడు పడిపోతాడని వెళ్ళిందో, నువ్వు నెగ్గాలని వెళ్ళిందో నాకే తెలీదు' అన్నారు. 'వాడి భుజం చూస్తే అబద్ధం చెప్తున్నాడనిపించింది. కానీ నాకు కావలసిన జవాబే నాకు కనపడితే దాన్నెలా నమ్మనురా' అన్నారు. చేతులు వెనక్కి కట్టుకోవడం అందుకే. ఆ చెయ్యి మళ్ళీ ఎవరి కోసం వెళ్తుందోనని భయం ఆయనకి."

నేను గుంజ పట్టుకుని నిలబడిపోయాను. ఇంతకాలం ఆయన్ని అనుమానించింది నేనొక్కణ్ణే అనుకున్నాను. అందరికంటే ఎక్కువగా ఆయన్ని అనుమానించింది ఆయనే. ఇంకా అనుమానమేనట్రా అని అరుగు మీద అడిగింది నా మనసు తెలుసుకోవడానికి కాదు. ఒక్క మాట చెప్పరా అని బతిమాలుకోవడం అది. ఆ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కాఫీ తాగి వచ్చేశాను.

ఎందుకంటే నాకు తెలుసు. ఎప్పుడూ తెలుసు. మొదట వేళ్ళకి తెలిసింది, తరవాత నేను దాన్ని తొక్కిపెట్టాను. పడిపోయేవాణ్ణని ఒప్పుకోవడం కంటే నన్ను పడగొట్టారని నమ్మడం తేలిగ్గా ఉంది. కాలవగట్టు మీద బతికి బయటపడ్డ సంగతి ఆయనకి చెప్పలేకపోయింది కూడా అందుకే. ఆ కథ మొదలుపెడితే ఈ కథ దగ్గరికి రావాల్సి వస్తుంది.

"జారింది" అన్నాను. "ఎడం చెయ్యి పూర్తిగా వదిలేసింది. కుడిచేతి రెండు వేళ్ళ మీద ఉన్నాను. ఆయన ముట్టుకోబట్టి మళ్ళీ పట్టు దొరికింది, లేకపోతే హాలు గోడకి పోయి కొట్టుకునేవాణ్ణి."

అతను నా ఎడమ భుజం వైపు చూశాడు. మాస్టారు అతనికీ చెప్పి ఉంటారు. చాలాసేపు చూశాడు. భుజం కదల్లేదు.

"మావయ్యకి చెప్పి ఉండాల్సిందిరా" అన్నాడు.

"ఆయ్" అన్నాను.

లోపల అమ్మగారు గిన్నెలు సర్దిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఏం తోచిందో, కడ్డీ కిందే పడి ఉన్న, గోనె ఊడిపోయిన ఆ పాత గుర్రం మొద్దు ఎక్కాను. చేతులకి రాసుకోవడానికి ముగ్గు లేదు. మైల ఇల్లు, పదకొండు రోజులుగా గుమ్మంలో ముగ్గే పడలేదు. వంగి ఇంత మట్టి తీసి రుద్దుకున్నాను. కడ్డీ అందుకుని కాళ్ళు వదిలేశాను. తుప్పు పెచ్చులు అరచేతుల్లో గుచ్చుకున్నాయి. గుంజలు కిర్రుమన్నాయి. నట్లు చూసుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

వెనకాల గడ్డిలో అడుగుల చప్పుడయింది. అరిగిన మోకాలితో, ఒక కాలు ఈడుస్తూ వచ్చి అతను నా వెనక నిలబడ్డాడు. నా వీపుకి జానెడు దూరంలో అతని చెయ్యి ఉండి ఉంటుంది. నేను తిరిగి చూసుకోలేదు.