టీ జున్ను

యుద్ధం రోజుల్లో మాచర్ల పోతుంటే బండి ఇరుసు విరిగి, గురజాల దగ్గర మస్తాన్‌బీ అనే ఆమె ఇంట్లో పూటంతా ఆగాను. ఆమె మొగుడు పటాలంలో వంటవాడు. ఆయన నేర్పినట్టే జున్నుపాలలో బెల్లం, చిక్కటి టీ డికాషను కలిపి, మూత మీద కూడా నిప్పులు పోసి ఉడికించింది.

మా ఊళ్లో జున్నంటే మనిషికో ముక్క. ఈమె గిన్నె నిండా పెట్టింది. కాస్త వగరుగా, కమ్మగా ఉంది. సిగ్గు విడిచి మళ్లీ అడిగాను.

"తిను నాయనా, చానా ఉంది."

"ఇన్ని పాలు పిండితే దూడకేం మిగులుద్దమ్మా?"

"దూడేది? పుట్టిన పూటే చచ్చిపోయింది. పాలు పారబొయ్యలేక వండా."

పొద్దుట్నుంచీ పెరట్లో గేదె అరుస్తుంటే మేత కోసమనుకున్నాను. నోట్లో ముద్ద నమలడం ఆపేశాను. ఉమ్మేద్దామంటే, ఎలా కుదిరిందోనని ఆమె నా మొహమే చూస్తోంది.