తాడు లేని దూడ

మా బావ ఏ బొమ్మ వేసినా తాడు వేయకుండా వదలడు. ఎద్దుకు తాడు, మేకకు తాడు, ఆఖరికి కోడిపెట్ట కాలికి కూడా తాడు. ఎవరి దగ్గరా నేర్చుకోని చేయి ఆయనది. దుక్కి, నాట్లు, నూర్పిళ్ళు, ఏది గీసినా ముందు గుంజ పాతి ఆ తర్వాతే పశువును గీసేవాడు.

"పిచ్చుకకు కూడా తాడేంటి బావా?"

"కట్టకపోతే పోతాయిరా."

నవ్వకండి. ఒకసారి పిండిమర గోడ మీద ఎద్దును వేస్తుంటే, తాడు దగ్గరకొచ్చేసరికి రంగు అయిపోయింది. తెల్లారేసరికి గోడ బోసిగా ఉంది. కింద తవుడు బస్తా ఖాళీ.

"నా ఎద్దేదయ్యా?" అని మర యజమాని గోల.

"కట్టని ఎద్దు ముందు తవుడెవరు పెట్టమన్నారు?" అన్నాడు బావ.

వానకు కొట్టుకుపోయిందన్నారు తెలివైనవాళ్ళు. మరి వాన తవుడు కూడా తింటుందా అని నేనడిగాను.

ఆ ఏడే పక్కింటి అత్త ఆవుకు పుట్టిన దూడ చచ్చిపోయింది. ఆవు మేత ముట్టదు, పాలు చేపదు. రోజంతా కొట్టంలో ఖాళీ మూలకేసి చూస్తూ, అక్కడెవరో ఉన్నట్టు చెవులు కదిపేది. పాలివ్వనిదాన్ని మేపలేక అత్త అమ్మకానికి పెట్టింది. మర్నాడు బేరగాడొస్తాడు. తోలుకెళ్ళేది కబేళాకే.

"ఇదీ పోతే నాకింకెవరున్నార్రా?" అంది అత్త.

ఆ సాయంత్రమే బావ రంగు గిన్నె పట్టుకొచ్చాడు. ఆ మూలనే గోడ మీద దూడను గీశాడు. తడి ముక్కు, వంకర కాళ్ళు. అంతే, కుంచె కడిగేశాడు.

"బావా, తాడు మర్చిపోయావ్!"

"నోర్ముయ్. పద."

పొద్దున వెళ్తే గోడ బోసి. ఆవు గడ్డి నములుతోంది. అత్త చెంబు నిండా నురగ. బేరగాడు తిట్టుకుంటూ తిరుగుముఖం పట్టాడు. నేను గోడను వేలితో రాసి నాకి చూశాను. ఉప్పు, బెల్లం, పిండి!

"దొంగ బావా! ఇదా నీ రంగు? ఆవే నాకేసిందన్నమాట!"

"మెల్లగా! దూడ దిగొచ్చి పాలు తాగిందనుకుంటోంది అత్త. అనుకోనీ."

నవ్వుకుంటూ కిందికి చూశాం. గోడ మొదలు నుంచి ఆవు పొదుగు దాకా తడిమట్టిలో చిన్న చిన్న గిట్టల గుర్తులు.

"ఇవీ నువ్వేనా?"

బావ వంగి ఒక గుర్తును వేలితో తాకాడు. అడ్డంగా తలూపాడు.

"అయితే ఇప్పుడైనా తాడు గియ్యి బావా!"

ఆయన కుంచెను వీపు వెనక దాచుకున్నాడు.

"తల్లి దగ్గరున్నదానికి తాడెందుకురా?"