సర్కారు కంప్యూటర్లో బోరు ఆట

మా మెట్ట చెలకలో నీళ్లు ఎక్కడున్నాయో కంప్యూటర్ చూపించిందని మా వాళ్లు చెప్పుకునే కథ శుద్ధ అబద్ధం. నేను ఎన్నిసార్లు కాదన్నా మా తమ్ముడు మానడు. నలుగురు చుట్టాలు ఒకచోట కూర్చుంటే చాలు, మా అక్క పాలమూరులో కంప్యూటర్లు నేర్పే రోజుల్లో అని మొదలుపెడతాడు. చెప్పిన ప్రతిసారీ మా బోరులోంచి నీళ్లు ఇంకాస్త ఎత్తుకు ఎగజిమ్ముతాయి. నేనొకదాన్ని అక్కడే ఉన్నానన్న సంగతి కూడా వాడికి గుర్తుండదు.

మొన్న ఆదివారం వాడి కూతురు ఫోన్ చేసింది. హైదరాబాదులో డిగ్రీ చదువుతోంది. పాతకాలపు కంప్యూటర్ ఆటల్లో ఎవరూ పట్టించుకోకుండా వదిలేసినవాటిని వెతికి పట్టుకుని, వాటిలో ఆడదగినవేవో తోటివాళ్లకు చెప్పడం దానికో పిచ్చి.

"అత్తా, నీ తాన బోర్ల ఆట ఉండెనట గదా? నిజంగనే నీళ్లు జూపెట్టేదట! దాని పేరేందే?"

"ఎవలు చెప్పిండ్రు?"

"నాయిన."

"మీ నాయినకు ఆ ఆట ఎట్లుంటదో తెల్వది. జిందగీల చూడలే" అన్నాను. అది నవ్వి, అయితే నువ్వే చెప్పు అంది. ఫోన్లో చెబితే సగమే వింటుంది, మిగతా సగం వాళ్ల నాయిన పూరిస్తాడు. అందుకే ఇలా రాస్తున్నాను.

కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో, మా మక్తల్ ఇంకా పాలమూరు జిల్లాలోనే ఉన్నప్పుడు, నేను పాలమూరు బస్టాండుకు దగ్గర్లో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. దాని యజమాని కొత్త మిషన్లు కొనే రకం కాదు. ఏదో సర్కారు ఆఫీసులో తీసేసిన పాతవాటిని వేలంలో పాడుకొచ్చి, తుడిచి, పైన గుడ్డ కప్పి, కొత్తవన్నట్టే వరుసగా పెట్టించాడు. నాకు ఆయన మీదా నమ్మకం లేదు, ఆ మిషన్ల మీదా లేదు. రేపు వాటిలో ఏదైనా తప్పుడు సరుకు బయటపడితే ముందు ఆడపిల్లలు నేర్చుకోవడానికి వచ్చే చోటన్న పేరు పోతుంది, ఆ తర్వాత నింద నా మీదికే వస్తుందని, పిల్లల్ని కూర్చోబెట్టే ముందు ఒక్కొక్క మిషన్లో ఉన్న ఫోల్డర్లన్నీ తెరిచి చూసేదాన్ని. మా మేనకోడలు అనుకుంటున్నట్టు నేను ఆటల కోసం వెతకలేదు, దొంగల కోసం వెతికాను. దొరికినవి ఆటలు.

పేకముక్కలదీ, బాంబులు ఏరేదీ లోకమంతా ఆడినవే, వాటి సంగతి వదిలేయండి. ఎవరు పెట్టారో తెలియకుండా మూలన పడి ఉన్నవే వేరు. ఒకదానిలో ఒంటి పట్టా మీద ఎదురెదురుగా రెండు రైళ్లొస్తాయి, ఏదో ఒకదాన్ని స్టేషన్లో నిలబెట్టాలి, నిలబెడితే లోపలి ప్రయాణికులు మనల్ని తిడుతున్నట్టు అక్షరాలు కదులుతాయి. ఇంకొకదానిలో ఒక నత్త గోడ ఎక్కుతుంది, అంతే. మొదటి వారం అదేం ఆట అని విసుక్కున్నాను. రెండో వారానికి, అది జారకుండా ఎక్కాలంటే ఎండ పడే వైపు తప్పించాలని తెలిసి, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడం మరిచిపోయాను. నన్ను పొగడని ఆటే మంచి ఆటని అప్పుడే ఒక అభిప్రాయానికి వచ్చాను. గెలిచిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి నక్షత్రాలు చల్లే ఆటను చూస్తే, ఇది నా దగ్గర ఏం కొట్టేయడానికి వచ్చిందా అని ఇప్పటికీ అనుమానమే.

అన్నిటికన్నా అడుగున ఉన్నది ఈ బోరు ఆట. దానికి పేరు కూడా లేదు. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతల్లో ఒక చెలక. నడుమ వంకర తిరిగిన గట్టు, ఒక పక్క ఎండిన వాగు, పడమటి మూలన గుండ్రటి పెద్ద రాతిగుండు. ఎక్కడ బోరు వేయాలో మనం చూపిస్తే ఒక గీత కిందికి దిగుతూ పోతుంది, ఎర్రమట్టి, మొరం, రాయి అని వరుసగా రంగు మారుతుంది, చివరికి ఎక్కువసార్లు దుబ్బ లేస్తుంది. అప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగే కనిపిస్తుంది, నీళ్లు లేవు అని. ఆఫీసులో పని లేని మధ్యాహ్నాల్లో మన ప్రాంతపు మనిషే ఎవరో కూర్చుని చేసుకున్నదని ఆ తెలుగు చూస్తేనే తెలిసిపోయేది. బోర్లు వేసి వేసి అలసిపోయిన ఇంటివాడై ఉంటాడు. లేకపోతే ఆటలో కూడా అన్నిసార్లు ఎండబెట్టడు.

ఆ ఎండాకాలమే మా బాపు కండ్ల దవాఖానకని పాలమూరు వచ్చాడు. ఊళ్లో అప్పటికే ఉన్న బోరు ఎండిపోయింది. ఇంకొక్కటి వేసి చూద్దాం, దానిలోనూ పడకపోతే చెలకను ప్లాట్ల వాళ్లకిచ్చేద్దామని మా పెదనాయిన తేల్చేశాడు. ఆ ఒక్కటీ ఎక్కడ వేయాలన్నదీ ఆయనే తేల్చాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే మనిషిని పిలిపిస్తే, రోడ్డు పక్కన కాయ నిలబడిందట. మా బాపుకు ఆ చెలక తప్ప ఇంకో లోకం లేదు, కానీ అన్న మాటకు ఎదురు చెప్పడం ఆయన పుట్టుకలోనే లేదు.

దవాఖాన నుంచి బాపు సెంటరుకే వచ్చాడు. పిల్లలెవరూ లేరు, నేను బోరు ఆట ఆడుతున్నాను. వెనక నిలబడి చాలాసేపు చూసి, "గిది మన చెలక గాదు బిడ్డా?" అన్నాడు.

"కాదు బాపూ. ఆట గిది."

"సర్కారు కంప్యూటర్ల ఆట ఎందుకుంటది?"

ఎందుకుంటుందో సర్కారు ఆఫీసులకు ఒక్కసారైనా పోయిన ఎవరినడిగినా చెబుతారని నేనన్నాను. వంకర గట్టూ, ఎండిన వాగూ, గుండూ లేని చెలక పాలమూరులో ఎక్కడుందో చూపించమన్నాను. ఆయన నా వాదం విననే లేదు. తెర మీద గుండు పక్కన వేలు పెట్టి, "గీడ వెయ్యి" అన్నాడు. వేశాను. ఎర్రమట్టి, మొరం, రాయి, ఆ తర్వాత నీళ్లు. బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకుని బయల్దేరాడు. ఆటలో నీళ్ల జాగా ప్రతిసారీ మారుతుంది, ఇంకోసారి వేసి చూపిస్తాను కూర్చోమన్నాను.

"నీళ్లు పడ్డంక మళ్ల బోరేస్తరా ఎవలన్న?"

పట్టువిడవకుండా ఆయన ముందే మళ్లీ అదే చోట వేశాను. దుబ్బ లేచింది. చూడు అన్నాను. "గది నువ్వేసిన బోరు, నేనేసింది గాదు" అని మెట్లు దిగిపోయాడు.

ఆ మాట ఊళ్లో ఎక్కడిదాకా పోతుందోనని భయపడి, మర్నాడు నేను కూడా మక్తల్ బస్సెక్కాను. ఇంటికి పోయేసరికి అరుగు మీద అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఉన్నారు. జీవితంలో మొదటిసారి మా బాపు అన్నకు ఎదురుగా మాట్లాడటం అప్పుడే విన్నాను.

"కొబ్బరికాయ కన్న నీ టీవీ డబ్బ ఎక్కువనారా?" అంటున్నాడు పెదనాయిన.

"నేనంటలేనన్నా. సర్కారు కంప్యూటర్ అంటాంది. బిడ్డ కండ్లార చూసింది, అడుగు."

పెదనాయిన నా వైపు తిరిగాడు. నేనేమీ దాచలేదు. అది ఉత్త ఆట అనీ, ఏ సర్వే కాదనీ, దాన్ని నమ్మి గుంత కూడా తవ్వొద్దనీ, నాకున్న గొంతంతా పెట్టి చెప్పాను. బాపు అన్న చెవి దగ్గరకు వంగాడు, అయినా నాకు వినపడేలాగే అన్నాడు.

"ఆఫీసోళ్లు గట్లనే చెప్పుమంటరన్నా, ముచ్చట బయటికి పోవద్దని. నౌకరి పిల్ల, ఏం చేస్తది?"

అంతే. మా పెదనాయిన ముఖం మారిపోయింది. ఆఫీసు మనిషి ఉంది అని చెప్పినదాన్ని ఆయన ఎన్నడూ నమ్మలేదు, ఆ మనిషి దాచిపెట్టిందంటే మాత్రం ఎంతదైనా నమ్ముతాడు. నేను కాదన్నకొద్దీ ఆయనకు నమ్మకం బలపడింది. "సరే తీ బిడ్డా, మాకర్థమైంది. నువ్వేం చెప్పలే, మేమేం వినలే" అని అన్నీ తెలిసినట్టు నవ్వుతూ నాకే ధైర్యం చెప్పాడు. నా నిజమే ఆ అబద్ధానికి ముద్ర వేసింది.

బోరు బండి గుండు పక్కనే ఆగింది. దుబ్బ లేచింది, తడిమట్టి వచ్చింది, ఆ తర్వాత నీళ్లు. మా తమ్ముడు చెప్పినట్టు తాటిచెట్టంత కాదు, నడుము ఎత్తు. పల్లి పంటకు సరిపోయే నీళ్లు. చెలక నిలిచింది. పెదనాయిన నా తల మీద చేయి పెట్టాడు. నెల తిరగకముందే, మా చెలక కూడా జర చూడరాదా మేడం అంటూ ఊళ్ల నుంచి జనం సెంటరుకు రావడం మొదలైంది. వాళ్లను కసిరి పంపలేక నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అది ఆట అని ఎంత చెప్పినా, వాళ్లు కూడా పెదనాయిన నవ్విన నవ్వే నవ్వేవాళ్లు.

నేను చెప్పాల్సింది అసలు ఇది. బోరు వేసిన రోజు, అందరూ నీళ్లలో తడుస్తూ కేకలు పెడుతున్నప్పుడు, బండి వచ్చిన దారి నా కంట పడింది. గుండు దాకా సర్కారు తుమ్మ దట్టంగా ఉండేది. దాన్ని బండి పట్టేంత వెడల్పున ఎవరో కొట్టేశారు. వంగి చూశాను. నరికిన మోళ్లు తెల్లగా, పచ్చిగా లేవు. ఎండి, బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. బాపు పాలమూరు రాకముందే, ఆ ఆటను చూడకముందే కొట్టినవి. చుట్టుపక్కల గడ్డంతా మాడిపోయినా, గుండు నీడన మాత్రం వేలెడంత పచ్చ మిగిలి ఉంది. ఎన్ని ఎండాకాలాలు దాన్ని ఆయన చూసి ఉంటాడో.

అప్పుడే అడగాల్సింది. జనంలో అడగలేకపోయాను. తర్వాత అడిగిన ప్రతిసారీ, కంప్యూటరే చూపింది గదా బిడ్డా అనేవాడు, అదీ నవ్వకుండా. ఇప్పుడు బాపు లేడు, పెదనాయిన లేడు. ఆ సెంటరున్న చోట ఫోన్లు అమ్ముతున్నారు, ఆ మిషన్లు ఏ తుక్కులో కరిగిపోయాయో. బోర్ల కోసం కొబ్బరికాయ పట్టేవాళ్లు తగ్గి, ఫోన్లో పాయింట్లు చూపే వాళ్లొచ్చారు. ఆడదగిన పాత ఆటలేవో కూడా ఫోనే జాబితా కట్టి చెబుతోంది, ఎవరూ ఏ మూలా వెతకనక్కర్లేదు. అప్పట్లో ఒక అన్నకు తమ్ముడు తన మాట తనదిగా చెప్పుకోలేకపోయేవాడు. ఇప్పటివాళ్లు ముఖం మీదే చెప్పేస్తారు. అది మంచిదే, కాదనను. కానీ అంత ఒడుపుగా, ఎవరి మనసూ నొప్పించకుండా చెలకను కాపాడుకునే మనిషి ఇప్పుడు నాకు కనిపించడం లేదు.

అందుకే మా మేనకోడలికి ఆట పేరు చెప్పలేను, ఈ ఒక్క ప్రశ్న మాత్రం చెప్పగలను. ఆయన బతికుండగా జవాబు రాలేదు, నేను అడగడం మానలేదు. బాపూ, ఆ మధ్యాహ్నం నా వెనక నిలబడి తెరను చూస్తున్నప్పుడు, నువ్వు నిజంగానే మన చెలకను చూసినవా, లేకపోతే మీ అన్న కాదనలేని ఒక నోటిని చూసినవా?