నాయన సరిచేసిన తెల్లకారు

బ్రాడ్‌బ్యాండ్ తిరుపతిలోకి కొత్తగా దిగిన ఆ రోజుల్లో నాకు మూడు కార్లుండేవి. ఎర్రదొకటి, పసుపుదొకటి, తెల్లదొకటి. మూడూ బైరాగిపట్టెడలోని ఒక నెట్ సెంటర్లో, కిటికీ పక్క కంప్యూటర్లో ఉండేవి. (బయట నాకున్నది నాలుగడుగులకోసారి చైను ఊడే సైకిలు. దాని సంగతి ఇక్కడ అనవసరం.) అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వారమంతా ఒక ట్రైనింగ్ సెంటర్లో పిల్లలకు టైపింగ్ నేర్పేవాణ్ణి, ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆన్‌లైన్ కార్ల పందేల్లో గడిపేవాణ్ణి. అసలు వారమంతా కూడా నేను పాఠంలో ఉండేవాణ్ణని గట్టిగా చెప్పలేను. కిటికీలోంచి కొండ కనిపించేది. ఘాట్ రోడ్డు మీద ఏ బస్సు అద్దమో ఎండకు తళుక్కుమంటే చాలు, నేనూ ఆ మలుపులోనే మెల్లగా తేలిపోతూ ఉండేవాణ్ణి. "సార్, స్క్రీన్ నిల్సిపోయినాది" అని ఎవరో మూడుసార్లు పిలిస్తేగానీ కిందికి దిగివచ్చేవాణ్ణి కాదు.

మా నాయన ఆ ఘాట్ మీదే బస్సు డ్రైవరు. ఆయన తోలితే నిలబడ్డ ముసలమ్మ కూడా కమ్మీ పట్టుకోదని మా వీధిలో పేరు. అలాంటి మనిషికి పుట్టి, పద్దెనిమిదేళ్లప్పుడు నేను స్టీరింగ్ ముట్టిన ఒకే ఒక్కసారి మా మామ కొత్త వ్యాను వెనక్కి తీయబోయి ఇంటి ముందర నీళ్లతొట్టిని పగలగొట్టాను. నాయన తిట్టలేదు, చెయ్యెత్తలేదు. తొట్టి పెంకులు ఏరుతూ, "నీ చేతికి బండి వినదు లేరా. నువ్వు సదువుకో" అన్నాడు, అదీ ఎంతో ప్రేమగా. రెండు తగిలించినా నేను మరిచిపోయేవాణ్ణి. ఆ ప్రేమ మాత్రం ముల్లులా దిగింది. 'మా వాడు బాగా తోలినాడు' అని ఆ నోటితో ఒక్కసారి వినాలని, అప్పటినుంచీ నాకు అదొక్కటే పిచ్చి.

ఆ ఆటలో నెలాఖరుకు ఒక పెద్ద పందెం ఉండేది. ఏ రోడ్డు, ఎంత బలమున్న కారు తేవచ్చు అన్నది ముందే ప్రకటించేవాళ్లు. ఆ నెల కొండ దిగే రోడ్డు అని చూడగానే కుర్చీ ముందుకు లాక్కున్నాను. కొండ దిగడం మా ఇంటి విద్య కదా! వెంటనే ఎర్రకారు ఎంచుకున్నాను. మా జట్టులో ఒకడుండేవాడు, స్పాయిలర్‌గాడని పిలిచేవాళ్లం. ఏ కారు కనిపించినా దాని వెనక స్పాయిలర్ అనే రెక్క ఒకటి తగిలించందే వాడికి నిద్ర పట్టదు. వాడి సలహా మీద రెక్క పెట్టాను, అడుగు నేలకు ఆనేలా కిందికి దించాను, ఇంజన్ బలం నిబంధన ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు పెంచాను. ఆ కారు మొదటి మలుపులోనే లోయలోకి దూకింది. రెండోసారీ దూకింది. పదోసారి దూకుతుండగా వెనకనుంచి ఒక గొంతు, "అన్నం సల్లారిపోతా ఉండాది, ఈడేం జేస్తాండావురా?" అంది. నాయన!

లేవబోయాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, స్క్రీన్ వైపు వంగి చూశాడు. "యాడిదీ ఘాటు?" అన్నాడు. ఎక్కడిదో నాకేం తెలుసు, కంప్యూటర్‌దే అన్నాను. "స్టీరింగ్ యాడ?" బాణం గుర్తుల మీటలు చూపించాను. కాసేపు వాటినే జాలిగా చూసి, "సరే, వీటితోనే ఏడుద్దాం. ముందు ఈ ఎర్రదాన్ని పక్కన పెట్టు. బలమెక్కువైన బండి దిగేటప్పుడు మన మాట వినదప్పా. అదో, ఆ మూల తెల్లది సిన్నదిగా ఉండాదే, దాన్ని తీ" అన్నాడు. స్పాయిలర్‌గాడు కిసుక్కున నవ్వాడు. నాయన వాడివైపు తిరిగి, "ఆ రెక్క కూడా పీకెయ్ నాయనా, మనం పైకెగరాల్సిన పని లేదు గదా" అన్నాడు.

ఆ నెల ఆదివారాలు నాకు ఇప్పటికీ కలలాగే తోస్తాయి. డ్యూటీ లేని మధ్యాహ్నం ఆయన ప్లాస్టిక్ కుర్చీ నా పక్కకు లాక్కుని కళ్లు మూసుకునేవాడు. నేను దిగుతూ ఉంటే ఇంజన్ చప్పుడు వింటూ, "మూడో గేరు ఏడస్తా ఉండాది, దాన్ని కొంచెం దగ్గరికి జరుపు" అనేవాడు. "బ్రేకంతా ముందర సక్రాలకే ఇచ్చినావు, అవి బిగుసుకుంటే బండి యెట్ల తిరుగుతాదిరా? ఎనక్కి కొంత పంచు" అనేవాడు. నేను కారు అమరికల మెనూలోకి వెళ్లి ఒక్కో గీతనూ వెంట్రుకవాసి జరిపేవాణ్ణి. ఫ్యాను గాలికి ఆయన ఖాకీ చొక్కాలోంచి డీజిల్ వాసన వచ్చేది, కిటికీలో కొండ నీలంగా ఉండేది, తెల్లకారు పాటలాగా దిగిపోయేది. "రోడ్డంతా మనదే, అంచునుంచి అంచుకు కోసుకో" అనేవాడు మత్తుగా. అట్లాగే కోసుకునేవాణ్ణి. లోయలోకి దూకడం మానేశాను. మూడో ఆదివారానికి స్పాయిలర్‌గాడు కూడా నోరు మూసుకుని నేల మీద కూర్చుని చూశాడు.

పందెం రోజు నాయన కొత్త బండికి చేసినట్టే చేయాలన్నాడు. నెట్ సెంటర్ నడిపే అన్న బతిమాలగా మానిటర్‌కు కుంకుమబొట్టుతో సరిపెట్టుకుని, తెచ్చిన నిమ్మకాయను జేబులోనే ఉంచుకున్నాడు. (చక్రం కింద పెట్టాలంటే చక్రమేదని అన్న అడిగాడు.) ఎనిమిదిమంది బయలుదేరాం. మిగతా ఏడుగురు ఏ ఊళ్లవాళ్లో తెలియదు. మూడు మలుపులకు ఐదో స్థానం, ఇంకో నాలుగింటికి రెండోది, ఆ తర్వాత నా ముందు ఖాళీ రోడ్డు తప్ప ఇంకేమీ లేదు! నాయన కాలు నేలను తొక్కుతోంది, కుర్చీ కిర్రుకిర్రుమంటోంది. "అబ్బా... అట్ల... కోసుకో..." 'బాగా తోలినాడు' అన్న మాట, నా నాలుగేళ్ల ఆకలి, ఆయన పెదవుల దాకా వచ్చేసిందని నాకు తెలుస్తోంది. చివరి మలుపును కుడి అంచునుంచి అందంగా కోశాను. ఎదురుగా లారీ.

తిరుపతి వాళ్లం మేం. మా కొండకు ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. దిగేవాడికి ఎదురుబండి రావడమనేది నాయన సర్వీసంతటిలో లేదు, నా ఊహలో లేదు. ఒంటరిగా సాధన చేసినప్పుడు ఆ రోడ్డు మీద పురుగు కూడా తిరగలేదు. పందెం ఇంగ్లీషు ప్రకటనలో 'రాకపోకలు: రెండు వైపులా' అని ఉంది. అది నేను నెల రోజులు చదివాను. నాయనకు అన్నీ తెలుగులో చెప్పినవాణ్ణి, ఆ ఒక్క ముక్కా ఏదో ఊరి సంగతిలే అని వదిలేశాను.

తెల్లకారు మూడు పల్టీలు కొట్టి ఆకాశానికి కాళ్లు చాచింది. సెంటరంతా గొల్లున నవ్వింది. నాయన నవ్వలేదు. ముఖం తెల్లబోయి, అన్నతో, "ఆ లారీ ఆయప్పకు ఏమన్నా అయినాదా?" అని అడిగాడు.

"దాంట్లో మనిషెవురూ లేరు పెద్దాయనా, కంప్యూటరే తోల్తా ఉండాది."

"కంప్యూటరైతే మాత్రం! మలుపుకాడ హారన్ కొట్టల్లా వొద్దా?" అని లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం కూడా సగంలో వదిలేశాడు. మర్నాడు మామూలుగానే డ్యూటీకి పోయాడు, నెట్ సెంటర్ వైపు మళ్లీ రాలేదు. మరుసటి నెల నేను తెల్లకారుతోనే గెలిచి, పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. "ఊఁ, కాళ్లు కడుక్కోని రా, తిందాం" అన్నాడు. ఇక ఆ మాట నాకు రాసిపెట్టిలేదనుకుని, ఆ ఆటను కూడా మెల్లగా మానేశాను.

ఆ తర్వాత చాలా ఏళ్లకు డిపోలో ఆయన రిటైర్మెంట్ సభ జరిగింది. శాలువా కప్పాక మేనేజర్ గారు మైకులో, ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క ప్రమాదమైనా చేయని డ్రైవరు అని పొగుడుతుంటే నాయన చెయ్యి అడ్డం పెట్టి మైకు తీసుకున్నాడు.

"అట్ల సెప్పొద్దు సార్. ఒగటి ఉండాది."

మా అమ్మ కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. మేనేజర్ గారు చేతిలో కాగితం అటూ ఇటూ తిప్పి, రికార్డులో లేదే అన్నారు.

"కొండ దిగతా ఉంటే లారీ ఎదురొచ్చినాది సార్. ఎదురుబండి వస్తే యెట్లని నేను సెప్పియ్యలేదు, తప్పు నాది. తోలింది మా పిల్లోడు." మైకు కొంచెం దూరం జరిపి, సభలో నాకోసం వెతుక్కున్నాడు. "వాడు బాగా తోలినాడు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అయినా అందరూ చప్పట్లు కొట్టారు. బట్టతల మొదలై, కళ్లజోడు పడి, ఇద్దరు పిల్లల తండ్రినైన నేను వెనక వరుసలో వాళ్లందరికంటే గట్టిగా కొట్టాను.